కుండీకి దాహం, మట్టికి ఊపిరి

సంక్రాంతికి ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారికి ఇంటి తాళంతో పాటు మేడ మీది టమాటా కుండీలనూ అప్పజెప్పాను. వారం తర్వాత వచ్చి చూస్తే మొక్కలు పసుపు పట్టి, తల వేలాడేసి ఉన్నాయి. "రోజూ మూడు పూటలా పోశాను, అయినా ఇలా అయ్యాయేంటో!" అని ఆవిడ బాధపడ్డారు. మర్యాద ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందని పండక్కి వెళ్లిన అల్లుళ్లకు తెలుసు, వేళ్లకూ తెలుసు. మట్టి సందులన్నీ నీటితో నిండితే వాటికి ఊపిరాడదు.

తనంత తాను నీళ్లు తాగే కుండీ ఈ చిక్కుకు విరుగుడు. సూత్రం దీపం వత్తిదే. ప్రమిదలో నూనె పోగుల సందుల్లోంచి పైకి పాకినట్టు, అడుగున ఉన్న నీళ్లు మట్టి సందుల్లోంచి పైకి పాకుతాయి. మొక్క తాగిన మేరకు కింది నుంచి వస్తుంటాయి.

తయారీకి 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు చాలు. ఒకదానిలో ఒకటి దింపి, మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండేలా ఇటుక ముక్కలు పెట్టాలి. ఆ ఖాళీయే నీళ్ల తొట్టి. పై బకెట్ అడుగున రంధ్రం చేసి, ఒళ్లంతా చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గ్లాసు బిగించి, మట్టిమిశ్రమం కూరాలి. నీళ్లలో మునిగే ఆ గ్లాసే వత్తి. నీళ్లు పోయడానికి పైనుంచి తొట్టి దాకా ఒక పైపు ముక్క. ఇక మరవకూడనిది, కింది బకెట్ పక్కన, పై బకెట్ అడుగుకు కాస్త దిగువన ఒక చిల్లు. ఎక్కువైన నీళ్లు అందులోంచి పోతాయి. అది లేకపోతే మొదటి వానకే కుండీ చెరువు, చేపలు వేసుకోవచ్చు. పైపు మూతికి దోమతెర గుడ్డ కట్టకపోతే డెంగీ దోమలు కూడా పండుతాయి.

తొట్టిలో పట్టే మూడు నాలుగు లీటర్లు తోటకూరకు రోజుల తరబడి వస్తాయి. మండువేసవిలో కాయ మీదున్న టమాటాకు ఒకటి రెండు రోజులే. ఈ కుండీ సెలవు ఇస్తుంది, రిటైర్మెంటు ఇవ్వదు.

అసలు కథ మట్టిది. చేలోని నల్లరేగడి తెచ్చి నింపితే ఎప్పుడూ తడిగా ఉండే ఈ కుండీలో ముద్దైపోతుంది. ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలపండి. తడిపి పిడికిలి బిగిస్తే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. తాగడమూ ఊపిరి పీల్చడమూ రెండూ తెలిసిన మట్టి అదే.

ఆ ఊపిరి వేళ్లకే కాదు, మట్టిలోని జీవులకూ కావాలి. మొక్క ఆకుల్లో వండిన చక్కెరలో కొంత వేళ్ల గుండా వదిలి, చుట్టూ ఉన్న సూక్ష్మజీవులను పోషిస్తుంది. అవి కంపోస్టును అరిగించి మొక్కకు తిండి పెడతాయి. మైకోరైజా అనే బూజు టమాటా, వంగ వేళ్లతో వియ్యమందుతుంది, ముల్లంగి, తోటకూర, పాలకూరలతో సాధారణంగా పొత్తు పెట్టుకోదు. అయినా మైకోరైజా పొడిని పాలకూరకూ అమ్ముతారు, మనమూ కొంటాం.

జీవామృతం పోయాలంటే పల్చగా కలిపి పైనుంచే చల్లండి. తొట్టిలో పోస్తే గాలి అందక కుళ్లుతుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు మారుమోగుతుంది. విత్తనాలకైనా, నారుకైనా వేళ్లు దిగేదాకా పై నీళ్లే దిక్కు. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది.

ఇంకొక సంగతి. నీరు పైకి పాకి ఆవిరైపోతుంది కానీ అందులోని ఉప్పు పైనే మిగులుతుంది. బోరు నీళ్లయితే తెల్లటి పొర కనిపిస్తుంది. నెలకోసారి చిల్లులోంచి ధారగా కారేదాకా పైనుంచి పోసి కడగాలి.

ఈ ఏడు పిన్నిగారికి ఒకటే చెప్పి వెళ్లాను: "పైపులో పోయండి, చిల్లు కారగానే ఆపేయండి." వచ్చేసరికి మొక్కలు నిటారుగా ఉన్నాయి. "పైన పొడిగా కనిపిస్తే మనసొప్పక ఒకరోజు అర బకెట్ కుమ్మరించాను" అని ఆవిడే ఒప్పుకున్నారు. ఆ నెల ఉప్పు కడిగే పని నాకు తప్పింది.