ఆదివార ఆరాధన - ఉద్యోగ బాధ్యత

'''ఆదివార ఆరాధన''' అనగా క్రీస్తు పునరుత్థానాన్ని స్మరిస్తూ క్రైస్తవులు వారపు మొదటి దినాన సామూహికంగా చేసే ఆరాధన. క్రీ.శ. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించినా, అదను తప్పరాదని వ్యవసాయ పనులకు మినహాయింపునిచ్చాడు.

హైదరాబాదులో మణికొండ వంటి ఐటీ ఉద్యోగుల నివాస ప్రాంతాలలో, ఆదివారం పని పడినవారికి ఇదే చిక్కు ఎదురవుతుంది. తెలంగాణలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఉద్యోగికి వారానికొక పూర్తి దినం సెలవు ఇవ్వాలి. అది ఆదివారమే కానక్కరలేదు.

కాథలిక్ శ్రీసభ 1983 నాటి శాసనసంహితలోని 1248వ శాసనం ప్రకారం, శనివారం సాయంత్రం దివ్యబలిపూజలో పాల్గొన్నా ఆదివార బాధ్యత నెరవేరినట్లే. సమాజంగా కూడటం మానరాదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక (10:25) బోధిస్తుంది; ఏ వేళకు కూడాలన్న నియమం అక్కడ లేదు.