లెక్క తనమీద వేసుకున్న సూది

కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో కన్నడం చదువుకున్న కుటుంబాలు కొల్లలు. ఇన్సులిన్ పెట్టెలోని సన్న అక్షరాల కాగితం మాత్రం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. కేజీఎఫ్‌లో 2001లో బంగారు గనులు మూతపడేనాటికి పనిచేస్తున్నవాళ్లకు ఇప్పుడు వయసు మీదపడింది. పైగా షుగరు ముదిరితే చూపు, వేళ్ల స్పర్శ రెండూ మందగిస్తాయి. ఇలాంటివాళ్లు రోజూ తమంతట తామే పొడుచుకునే సూది ఎలా ఉండాలి? ఇన్సులిన్ పెన్ను ఈ చిక్కును చాలావరకు విప్పింది.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో సూది వేసుకోవడమంటే గాజు సిరంజిని మరిగించడం, మొద్దుబారిన సూదిని రాతిమీద నూరుకోవడం. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజి వచ్చాక ఆ పనులు తప్పాయి. ఎంత మందు లాగాలన్న లెక్క మాత్రం తప్పలేదు.

ఆ లెక్క మనదేశంలో మరీ ప్రమాదకరం. ఇక్కడి ఇన్సులిన్ సీసాల్లో చాలావాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. వాటికి ఎర్ర టోపీ సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందుకు నారింజ రంగు టోపీది. 40 సీసాలోంచి నారింజ టోపీ సిరంజితో 20 గీతదాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. 100 సీసాలోంచి ఎర్ర టోపీదానితో 20 దాకా లాగితే 50 యూనిట్లు ఎక్కుతాయి. అది ప్రాణాలమీదికి తెస్తుంది.

ఈ లెక్కను మనిషి నుంచి పరికరానికి మార్చే ఆలోచన గ్లాస్గోలో షీలా రీత్ అనే డాక్టరుకు వచ్చింది. ఆమె కూతురికీ షుగరు ఉంది. జేబులో పట్టే సిరంజి గురించి ఆమె బృందం 1981లో లాన్సెట్ పత్రికలో రాసింది. 1985లో డెన్మార్క్ కంపెనీ నోవో, నోవోపెన్‌ను అమ్మకానికి తెచ్చింది. మన దగ్గర బెంగళూరు బయోకాన్ 2004లో ఇన్సుజెన్ ఇన్సులిన్‌ను, 2011లో ఇన్సుపెన్‌ను విడుదల చేసింది.

పెన్నులో కీలకం మరచుట్టు కడ్డీ. సాధారణంగా లోపలి గొట్టంలో 3 మిల్లీలీటర్లు, అంటే 300 యూనిట్ల మందు ఉంటుంది. వెనక పిడి తిప్పుతుంటే కిటికీలో అంకె మారుతుంది, టిక్కుమని చప్పుడవుతుంది. బొటనవేలితో నొక్కితే కడ్డీ సరిగ్గా అంతమేరకే ముందుకు జరిగి రబ్బరు బిరడాను తోస్తుంది. ఈ పెన్ను మందులో యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరోవంతు. అంత చిన్న కొలతను కంటితో చూసి లాగే పని మరచుట్టుకు అప్పగించారన్నమాట. టిక్కులు లెక్కపెడితే సరిపోదు, అంకె చూసుకోవాల్సిందే. ఆ అంకె చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

తర్వాత సూది వంతు. నొప్పి తగ్గాలంటే సన్నబడాలి. కానీ లోపలి రంధ్రం సగమైతే ద్రవానికి అడ్డు 16 రెట్లవుతుంది, బొటనవేలు నొప్పెడుతుంది. 2005లో జపాన్‌లో తెరుమో కంపెనీ, ఒకానో వర్క్‌షాపు కలిసి పలచటి స్టీలు రేకును చుట్టి, మొదట్లో లావుగా, కొసన 0.2 మిల్లీమీటర్లకు సన్నబడే సూది తెచ్చాయి. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల సూదులున్నాయి. చర్మం దాటడానికి అంతే చాలు.

అయినా కొన్ని పనులు మనిషికే మిగిలాయి. ప్రతిసారీ కొత్త సూది బిగించాలి, 2 యూనిట్లు బయటికి వదిలి చూసుకోవాలి, నొక్కాక పదంకెలు లెక్కపెట్టి తీయాలి. రబ్బరు బిరడా సాగి సర్దుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి.

పెన్ను ఖరీదు భరించలేక సీసాతోనే నెట్టుకొచ్చే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ లెక్క ఇప్పటికీ మనిషిదే. కాబట్టి మందుల షాపులో డబ్బులిచ్చేముందు రెండే చూసుకోవాలి: సీసామీద 40 ఉందా, 100 ఉందా? సిరంజి టోపీ దానికి తగ్గ రంగేనా?