త్వరగా కాసే టమాటాలే ఎందుకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెరట్లో టమాట వేసే ముందు ఈ వేడి ఏం చేస్తుందో తెలుసుకుందాం.

పూత ఎందుకు రాలుతుంది?
పగటి వేడి 35 డిగ్రీలు మించితే పుప్పొడి బలహీనపడుతుంది. ఫలదీకరణ జరగక పూత రాలిపోతుంది. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా 30 డిగ్రీలు దాటితే సరిగా తయారుకాదు. అందుకే ముదురు వేసవి పండ్లు కొన్ని నారింజ రంగులోనే ఉండిపోతాయి. పైగా ఇక్కడి ఎర్ర చల్క నేలల్లో తేమ తొందరగా ఆరిపోతుంది. కాబట్టి ఎండలు ముదరకముందే కాపునిచ్చే రకం కావాలి.

ఏ రకం?
ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీ, నాటిన 60–65 రోజులకు తొలి కోతకు వస్తుంది. పూసా ఎర్లీ డ్వార్ఫ్ కూడా త్వరగా కాస్తుంది. మొక్క పొట్టిది కనుక కుండీలోనూ పెంచొచ్చు.

ఎలా పెంచాలి?
అక్టోబరులో నారు పోయండి. 25–30 రోజుల నారును నాటండి. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది. జనవరిలో పండ్లు కోసుకోవచ్చు. ఫిబ్రవరి దాటాక నాటితే పూత మండుటెండకు చిక్కుతుంది.

విత్తనాలు కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు, గడువు తేదీ తప్పక చదవండి.