గుర్రప్పందేలు: నిజాంల నాటి మలక్‌పేట రేస్ కోర్స్ కథ ఏంటి?

మలక్‌పేట రేస్ కోర్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది బెట్టింగే. కానీ హైదరాబాద్‌లో గుర్రప్పందేలకు 150 ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

నిజాంల జమానాలో 1868లో మౌలాలిలో ఈ పందేలు మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో మలక్‌పేటకు మారాయి. ఆయన ప్యాలెస్ మహబూబ్ మాన్షన్ అక్కడికి దగ్గర కావడమే కారణమని చెబుతారు. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది.

మరి ఇది జూదం కాదా? గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని పందెం కాసినవాళ్ల డబ్బులు పోవని కాదు.

ఇప్పుడు అసలు పేచీ భూమితోనే. ఒకప్పుడు ఊరి చివర ఉన్న రేస్ కోర్సులు సిటీ మధ్యలోకి వచ్చేశాయి. ముంబై మహాలక్ష్మి రేస్ కోర్స్‌లో 120 ఎకరాలను పార్కు కోసం కార్పొరేషన్ తీసుకుంది. 1842లో పుట్టిన సింగపూర్ టర్ఫ్ క్లబ్ అయితే 2024 అక్టోబర్ 5న చివరి రేసు నడిపింది. ఆ స్థలంలో ఇళ్లు రానున్నాయి.

పాత కోటకైతే రిపేర్లు చేసి కాపాడుకోవచ్చు. రేసింగ్ అలా కాదు. జాకీలు, ట్రైనర్లు, గుర్రాలను చూసుకునే సైసులు, నాడాలు కొట్టేవాళ్లు.. వీళ్ల పనితనమే ఆ వారసత్వం. మైదానం పోతే ఆ పనీ పోతుంది. అటు చూస్తే, ఇరుకు సిటీలో జనం నడవడానికి పార్కులూ కావాలి. దేనికి ఎంత చోటివ్వాలన్నదే నగరాల ముందున్న ప్రశ్న.