గండిపేట వైపు సైకిల్ పయనం.. దారి ఎంపికలోనే కిటుకు

శేరిలింగంపల్లి: వారాంతం వచ్చిందంటే తెల్లవారకముందే కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల వీధుల్లోంచి సైకిళ్లు బయలుదేరుతాయి. శిరస్త్రాణాలు ధరించిన ఐటీ ఉద్యోగులు బృందాలుగా మూసీ లోయ వైపు సాగిపోతుంటారు. నీరు, చెట్టు, పొలం కంటికి కనిపించాలన్నది వారి కోరిక. చిక్కల్లా ఒక్కటే. ఆ అందాలున్న దారులు టిప్పర్లకూ దారులే. భద్రమైన బాట ముగిసినచోటనే చూడదగిన ప్రాంతం మొదలవుతుంది. అందువల్ల ఎంత దూరం తొక్కాలన్నదానికన్నా ఎక్కడ మలుపు తిరగాలన్నదే ముందుగా నిర్ణయించుకోవాలి.

ప్రయాణానికి ఆరంభం ఔటర్ రింగ్‌రోడ్డు వెంట ఉన్న సైకిల్ బాటే కావడం మేలు. దీనిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు, వెరసి 23 కిలోమీటర్ల నిడివి. వెడల్పు 4.5 మీటర్లు. దక్షిణ కొరియాలోని ఇటువంటి బాటను చూసి రూపొందించిన దీనికి చాలా భాగం సౌరఫలకాలే పైకప్పు. వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండ తగలదు, లారీ భయం లేదు. కొత్తగా సైకిల్ పట్టినవారికి ఇంతకన్నా అనువైన చోటు నగరంలో అరుదు. కాకపోతే నెత్తిన పలకలు, పక్కన వాహనాల హోరు తప్ప నది ఊసు పెద్దగా ఉండదు. ఔటర్ ప్రధాన రహదారిపైకి సైకిళ్లకు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదన్నది గుర్తుంచుకోవాలి.

లోయ స్వరూపం ఇదీ

వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పారి గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. ఈసీ నది హిమాయత్‌సాగర్‌ను నింపుతుంది. రెండూ కట్టలు దాటి దిగువన లంగర్‌హౌజ్‌లోని బాపూఘాట్ వద్ద కలుస్తాయి. 1908 సెప్టెంబరు 28 నాటి వరద నగరంలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై ఈ జలాశయాలు రూపుదిద్దుకున్నాయి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఈ నేపథ్యం సైక్లిస్టుకు అక్కరకొచ్చేదే. కట్టల దిగువన నది ఏడాదిలో ఎక్కువ నెలలు పేరుకే నది. నిండైన నీటిని చూడాలంటే కట్టకు ఎగువకే వెళ్లాలి. వానలు వెనుదిరిగిన తరువాత, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అందుకు అనువైన కాలం. ఇక్కడ ఇంకా తోటలు, పొలాలు మిగిలి ఉన్నాయంటే 1996లో వెలువడిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేయడమే ముఖ్య కారణం. దానిని పూర్తిగా ఎత్తివేయాలని 2023 మేలో నాటి రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఈ పచ్చదనం ఎన్నాళ్లుంటుందన్నది ఆ జీవో భవితవ్యంపైనే ఆధారపడి ఉంది.

ఎక్కడ మలుపు తిరగాలి?

పోలీస్ అకాడమీ వద్ద బాట ముగియగానే ఎదురయ్యేది బీజాపూర్ రహదారి. చిలుకూరు, మొయినాబాద్, చేవెళ్లలకు ఇదే దారి. నిజాం కాలపు మర్రిచెట్లు ఇరువైపులా గొడుగు పట్టిన ఈ రోడ్డు అందంలో దేనికీ తీసిపోదు. కానీ రద్దీకి చాలని వెడల్పు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించారు. బస్సుకే రక్షణ లేనిచోట సైకిల్‌కు ఎక్కడిది? పైగా శుక్ర, శని, ఆదివారాల్లో 108 ప్రదక్షిణల మొక్కు తీర్చుకునేందుకు చిలుకూరు బాలాజీ ఆలయానికి వెళ్లే కార్లు బారులు తీరుతాయి. వీసా కోసం వెళ్లేవారిలో సైక్లిస్టుల సహోద్యోగులూ ఉంటారు, అది వేరే సంగతి. చెట్ల కోసం ఆ రోడ్డుకే వెళ్లదలచినవారు కారులో వెళ్లడమే మంచిది.

అందుకే నార్సింగి వద్దనే బాట దిగి కోకాపేట మీదుగా గండిపేటకు మళ్లడం మెరుగైన మార్గం. ఇదీ నిరపాయమేమీ కాదు. 2023 ఆగస్టు వేలంలో ఎకరం రూ.100.75 కోట్లు పలికిన కోకాపేటలో ఆకాశహర్మ్యాల నిర్మాణం సాగుతోంది. ఇసుక, కంకర, కాంక్రీటు మోసే వాహనాలు తిరుగుతూనే ఉంటాయి. వెలుతురు వచ్చీరాగానే ఈ భాగాన్ని దాటేయాలి. వెనుక ఎర్ర దీపం తప్పనిసరి. గండిపేటలో జలాశయాన్ని చూసి అక్కడి నుంచే వెనుదిరిగితే తొలిసారి వచ్చినవారికి చాలు. శక్తి ఉన్నవారు ఖానాపూర్, జన్వాడ మీదుగా శంకర్‌పల్లి వైపు సాగవచ్చు.

గాలి, గేట్లు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి పడమర, నైరుతి నుంచి బలంగా వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, అలసి తిరిగి వచ్చేటప్పుడు వెన్నుగాలి. శంకర్‌పల్లి దారికి ఇది కలిసొచ్చే అంశమే.

ఆ నెలల్లోనే మరో ముప్పు ఉంది. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. మట్టం ఆ అంకెకు చేరువవుతోందంటే గేట్లు ఎత్తే అవకాశం ఉన్నట్లే. గండిపేట గేట్లు ఎత్తి నీరు ఎక్కువగా వదిలినప్పుడు నార్సింగి, మంచిరేవుల మధ్య రోడ్డు మునుగుతుంది. పోలీసులు రాకపోకలు ఆపేస్తారు. హిమాయత్‌సాగర్ దిగువ సర్వీస్ రోడ్డుదీ అదే తీరు. జలమండలి ప్రకటించే మట్టాలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ముందురోజు రాత్రి వాటిని చూసుకోవాలి. నీరు పారుతున్న రోడ్డుపైకి, లోతు మోకాలికి మించకపోయినా, సైకిల్ దించరాదు.

గండిపేట దాటాక రోడ్డు పక్కన తుమ్మముళ్లు పుష్కలం. సన్నని టైర్ల సైకిళ్లకు సరిపడే ట్యూబు పల్లెల్లోని పంక్చర్ దుకాణాల్లో దొరకదు. రెండు ట్యూబులు, చిన్న గాలిపంపు, రెండు సీసాల నీరు వెంట ఉండాలి.