వల తీసేశాను, కాయ దక్కింది: పెరట్లో పిట్టల బెడదకు నేను చేస్తున్న పనులు

మొన్న పెరటి వీడియో పెట్టాక ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అక్కా, మీ టమాటాలు చెట్టు మీదే రంగు తిరిగి కనపడుతున్నాయి, పిట్టలు పొడవట్లేదా?" అని. పొడుస్తాయండి, పొడవకుండా ఎలా ఉంటాయి! కాకపోతే ఇప్పుడు నాలుగు వాటికి పోతే నలభై మనకు దక్కుతున్నాయి. పోయిన ఏడాది ఈపాటికి పది కూడా దక్కలేదు. అప్పుడు నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పి, తర్వాత పని విషయానికి వస్తాను.

మాది గుంటూరు జిల్లాలో కాలవ పక్కన ఊరు. ఇంటి వెనక ఆరు సెంట్ల దొడ్డి. జీవామృతం, ఘనజీవామృతం, గడ్డి ఆచ్ఛాదన తప్ప ఇంకేమీ వెయ్యను. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాటు టమాటా ఒకటి ఉంది. నిమ్మకాయంత కాయ, పులుపు గట్టిగా ఉంటుంది, పప్పులోకి రెండు వేస్తే చాలు. ఆ విత్తనం బజార్లో దొరకదు. ఏటా మంచి చెట్టు చూసి, నాలుగు కాయలకు ఎర్రదారం కట్టి విత్తనానికి వదులుతాను. పోయిన మార్చిలో ఒక పొద్దున వెళ్ళి చూస్తే, దారం కట్టిన నాలుగూ పొడిచేసి ఉన్నాయి.

కడుపు మండిపోయింది. ఆ రోజే టౌనుకి వెళ్ళి, చేపల వల లాంటి సన్నని నైలాన్ వల తెచ్చి, టమాటా మడి మీదా బీర పందిరి మీదా కప్పేశాను. మూడో రోజు పొద్దున ఒక పికిలిపిట్ట వలలో వేలాడుతోంది. నెత్తిన చిన్న జుట్టు, తోక కింద ఎర్రమచ్చ ఉంటుందే, అది. కాలూ రెక్కా చిక్కుకుపోయాయి. కత్తెరతో కోసి తీసేసరికే ప్రాణం పోయింది. దాని గూడు మా మందార చెట్టులోనే ఉంది, అందులో రెండు పిల్లలు. జత పిట్ట ఒక్కటే తిరిగి తిరిగి మేపింది. ఒక పిల్లే ఎగిరింది.

అదే వారం బీర పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోవడం మొదలైంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకు తేనెటీగో, చీకటి పడ్డాక రెక్కల పురుగో వచ్చి మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటించాలి. నేను దారి మూసేశాను, ఇక పిందె ఎలా నిలుస్తుంది? పిట్ట ప్రాణమూ పోయింది, నా బీరకాయా పోయింది. సాయంత్రానికి వల మొత్తం చుట్టి పక్కన పెట్టేశాను.

అంతకుముందు పొడిచిన నాలుగు కాయలూ ఎరువు గుంటలో వెయ్యబోతుంటే మా అత్తయ్య ఆపింది. "అమ్మాయ్, అవి తిన్నది గుజ్జు. గింజలు ఇంకా లోపలే ఉన్నాయి కదా!" అంది. నిజమే. కాయ బాగా పండే ఉంది. గింజలు గిన్నెలోకి పిండి, రెండు రోజులు పులవనిచ్చి, కడిగి నీడన ఆరబెట్టాం. ఈ ఏడు మీరు వీడియోలో చూసిన చెట్లు ఆ గింజలవే.

ముందు వారం రోజులు ఊరికే చూడండి

అన్ని పిట్టలూ అన్నీ తినవండి. పొద్దున్నే ఆరు నుంచి ఎనిమిది వరకూ, మళ్ళీ సాయంత్రం నాలుగు తర్వాత ఒక మూల కూర్చుని చూడండి. పావురాలు, గువ్వలు చల్లిన గింజ ఏరుకుంటాయి. పిచ్చుకలు ఆకుకూర లేత మొలకలు తుంచుతాయి. కాకులు మొక్కజొన్న మొలకను పీకి అడుగునున్న గింజ తింటాయి. గోరింకలు ఆచ్ఛాదన చెదరగొట్టేది పురుగుల కోసమే, ఆ తోపులాటలో లేత నారు పడిపోతుంది. పండిన టమాటా పికిలిపిట్టది. జామ, మొక్కజొన్న కంకి, చిక్కుడు, మిరప రామచిలుకలవి. అంటే ఒక్కో పంటకు ప్రమాదం ఉన్నది కొన్ని రోజులే. ఆ కొన్ని రోజులు కాపాడుకుంటే చాలు.

గింజ, మొలక దశలో

మా అత్తయ్య వాళ్ళ కాలం నుంచీ చేస్తున్న పనే ఇది. విత్తనాన్ని బీజామృతంతో శుద్ధి చేసి వేశాక, మడి మీద పలచగా ఎండుగడ్డి, దానిపైన రేగు కంప పరుస్తాను. ముళ్ళలో పావురం దిగదు. మొక్కకు నాలుగు ఆకులు వచ్చాక కంప తీసేస్తాను. కంప దొరకనివాళ్ళు మడికి అటూ ఇటూ పుల్లలు గుచ్చి, జానెడు ఎత్తులో, జానెడు ఎడంతో నూలుదారం అడ్డంగా బిగించండి. పిట్టకు దిగడానికి చోటు దొరకదు. దారం వదులుగా మాత్రం కట్టొద్దు, కాలికి చుట్టుకుంటుంది.

కాయ దశలో

టమాటా ఎర్రబడేదాకా చెట్టున ఉంచడం నా పాత అలవాటు. ఇప్పుడు అడుగున కాస్త రంగు తిరగగానే కోసేస్తున్నాను. ఇంట్లో తట్టలో నీడన పెడితే మూడు నాలుగు రోజుల్లో పండుతుంది, రుచిలో మాకేమీ తేడా తెలియలేదు. విత్తనపు కాయలకు మాత్రం పాత నూలుచీర ముక్కతో చిన్న సంచి కుట్టి తొడుగుతాను. జామకాయ నిమ్మకాయంత అయినప్పుడే సంచి తొడిగితే చిలకల నుంచే కాదు, పండు ఈగ నుంచి కూడా కాపాడుకోవచ్చు. మొక్కజొన్నకు పీచు ఎండి గోధుమరంగుకు వచ్చేదాకా ఆగండి, ముందే కప్పితే గింజ పట్టదు. తర్వాత ఆ మొక్క ఆకునే కంకి చుట్టూ చుట్టి కట్టేస్తే సరిపోతుంది.

నీళ్ళు పెట్టండి

మార్చి, ఏప్రిల్ ఎండల్లో పిట్ట కాయను పొడిచేది ఆకలికే కాదు, దాహానికి కూడా. మడికి దూరంగా, వేపచెట్టు నీడన వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టాను. రెండంగుళాల లోతు చాలు. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. నీళ్ళు పెట్టిన వారానికి మా పెరట్లో పొడిచిన కాయలు బాగా తగ్గాయి.

ఏవి పని చెయ్యవు?

పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం కొట్టమని చాలా మంది చెప్తారు. పురుగులకు కొట్టుకోండి, పిట్టలకు మాత్రం దండగ. మిరపకాయ మంట మనుషులకు, ఉడతలకు, ఎలుకలకు తెలుస్తుంది, పిట్టలకు తెలియదు. అందుకే రామచిలుక పచ్చిమిరపకాయను అంత ఇష్టంగా కొరుక్కుతింటుంది. ఇక దిష్టిబొమ్మ మూడు రోజులు పని చేస్తుంది, నాలుగో రోజు కాకి దాని నెత్తి మీదే కూర్చుంటుంది. మెరిసే రిబ్బను కొంత నయం. మెలితిప్పి కడితే గాలికి మెరుస్తూ చప్పుడు చేస్తుంది. కానీ కాయ రంగు తిరిగే రోజుల్లో మాత్రమే కట్టి, రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చి, కోత అవగానే తీసెయ్యాలి. ఏడాదంతా వేలాడితే పిట్టలు పట్టించుకోవు.

వల తప్పదంటే

నారుమడికీ, ఆకుకూర మడికీ నేను ఇప్పటికీ వల వాడతాను, కానీ ఆ సన్నని నైలాన్ వల కాదు. చిటికెన వేలు దూరనంత చిన్న కన్నున్న, మందపాటి తెల్ల వల. వెదురు బద్దలు విల్లులా వంచి, వాటి మీద బిగుతుగా లాగి, అంచులు మట్టితో కప్పెయ్యాలి. వదులుగా వేలాడితే పిట్టే కాదు, పాము కూడా చిక్కుకుంటుంది. పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. పూత మీదున్న పాదులకు వల వద్దే వద్దు. ఇంకో మాట. రామచిలుకలకూ నెమళ్ళకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టినా, చంపినా, చిలకను పంజరంలో పెట్టినా నేరమే.

అవి తినేది మన కాయే కాదు

పిచ్చుక గింజలు తింటుంది, కానీ పిల్లల్ని సాకేది ఎక్కువగా పురుగులతోనే. మా చిక్కుడు పందిరి పక్కన రెండు కర్రల్ని అడ్డంగా నిలువుగా కట్టి నిలబెట్టాను. తోక రెండుగా చీలిన నల్లపిట్ట, మా వైపు పసులపోలిగాడు అంటారు, రోజంతా దాని మీద కూర్చుని ఎగిరే పురుగుల్ని పట్టుకుంటుంది. జెముడుకాకి నత్తల్నీ గొంగళిపురుగుల్నీ ఏరుకుంటుంది. చైనాలో 1958లో గింజలు తింటున్నాయని పిచ్చుకల్ని ఊరూరా చంపించారు. తర్వాత పంటల మీద పురుగు పెరిగిపోయింది. 1960 కల్లా చంపాల్సిన వాటి జాబితా నుంచి పిచ్చుకను తీసేశారు. నా ఆరు సెంట్లలో ఆ పాఠం మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు అనుకున్నాను.

ఇప్పుడు దొడ్డి చివర, ప్రహరీ వెంట రెండు సాళ్ళు సజ్జ వేస్తున్నాను. అది వాటి వాటా. సంక్రాంతికి అత్తయ్య కొత్త వరి కంకులతో కుచ్చు అల్లి వసారాలో కట్టింది, ఎప్పటిలాగే. మార్చికల్లా ఒక్క గింజ మిగల్లేదు. మందార చెట్టులో ఈ ఏడు కూడా పికిలిపిట్ట గూడు కట్టింది. పోయినేడు ఎగిరిన పిల్లో, వేరేదో తెలియదు. దారం కట్టిన నాలుగు టమాటాలు మాత్రం సంచుల్లో భద్రంగా ఉన్నాయి.

కంప పరచడం, సంచి కుట్టడం, వెదురు బద్దల మీద వల బిగించడం కింద వీడియోలో చూపించాను. మీ పెరట్లో ఏ పిట్ట ఏం తింటోందో ఒక వారం చూసి చెప్పండి. ఉంటానండి.