కణజాలాన్ని గడ్డకట్టించి దంచే యంత్రం: ఎందుకు? ఎలా?

ఆపరేషన్‌లో తీసిన కాలేయం ముక్క ఒకటి ల్యాబుకు వచ్చింది. బఠాణీ గింజంత ఉంది. అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూడాలంటే ఆర్‌ఎన్‌ఏను బయటికి తీయాలి, అందుకు కణాలన్నీ పగలాలి. మిక్సీలో వేసి తిప్పితే పోయేదానికి గడ్డకట్టించడం, దంచడం, దానికో యంత్రం... ఇంత హడావిడి ఎందుకు?

ఒంటి నుంచి వేరైన క్షణం నుంచీ ఆ ముక్క తనను తానే తినడం మొదలుపెడుతుంది. ఆర్‌ఎన్‌ఏను తుంచేసే ఎంజైములు ప్రతి కణంలోనూ ఉంటాయి. బతికున్న కణం వాటిని అదుపులో ఉంచుతుంది, నలిగిన కణానికి ఆ శక్తి ఉండదు. వాటిలో కొన్ని మరీ మొండివి, మరిగించినా పూర్తిగా చావవు. మన వేళ్ల మీద కూడా ఉంటాయి. చంపలేనప్పుడు కదలనివ్వకపోవడమే మార్గం, ఆ పని చలి చేస్తుంది. పచ్చి కణజాలంతో ఇంకో చిక్కు కూడా ఉంది. దెబ్బ తగిలితే అది సాగుతుంది, జారుతుంది, పగలదు. మెత్తబడ్డ బెల్లం రోకలికి అంటుకుంటుంది, గట్టి బెల్లం అదే దెబ్బకు పలుకులుగా విడిపోతుంది. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్‌లో ముంచితే కండైనా కాలేయమైనా ఇలాగే పెళుసెక్కుతుంది. గేదెకు కృత్రిమ గర్భధారణ చేయించిన రైతులకు ఈ ద్రవం కొత్తేమీ కాదు. పశువుల డాక్టరు క్యాను మూత తీయగానే తెల్లటి పొగ వస్తుందే, ఆ క్యానులో ఉండేది ఇదే.

మరి ముంచగానే గడ్డకట్టేస్తుందా? మనం అనుకున్నంత తొందరగా కాదు. వెచ్చటి ముక్క తగలగానే నైట్రోజన్ మరిగి, ముక్క చుట్టూ ఆవిరి పొరగా నిలబడుతుంది. కాలిన పెనం మీద నీటిబొట్టు ఆవిరైపోకుండా దొర్లేది కూడా ఈ పొర వల్లే. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీన్ని వివరించాడు. ఆవిరి పొర వేడిని త్వరగా బయటికి పోనివ్వదు కాబట్టి పెద్ద ముక్క నడిమధ్యలో ఎంజైములు ఇంకా పని చేస్తూనే ఉంటాయి. దీనికి వోలెన్‌బెర్గర్, ఆయన సహచరులు 1960లో తేలికైన ఉపాయం ఒకటి చెప్పారు. రెండు అల్యూమినియం దిమ్మెలున్న పటకారును ముందే ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి, ముక్కను ఆ దిమ్మెల మధ్య నొక్కేయడమే. ముక్క పల్చటి బిళ్లగా మారి అక్కడికక్కడే గడ్డకడుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే తెలివైన పనిముట్టు లేదు. అందులో మోటారు కూడా లేదు.

గడ్డకట్టిన బిళ్లను చాలా ల్యాబుల్లో ఇప్పటికీ పింగాణీ కల్వంలోనే నూరుతారు. మధ్యమధ్య నైట్రోజన్ పోస్తుండాలి. దెబ్బకు పలుకులు బయటికి ఎగిరిపోతాయి. పది నమూనాలయ్యేసరికి చేయి పడిపోతుంది, పదకొండోది మొదటిదంత మెత్తగా రాదు. ఇంజనీరింగ్ విద్యార్థులతో పని పడేది ఇక్కడే. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగంలో విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక డాక్టరో పరిశోధకుడో చెప్పిన అసలైన అవసరానికి పరికరం తయారుచేస్తారు. అలాంటి జట్టుకు ఈ పని అప్పగిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది ఎంత గట్టిగా కొట్టాలన్న దగ్గరే మొదలుపెడతారు. నిజానికి పెళుసెక్కిన కణజాలం సుత్తి దెబ్బకే పగులుతుంది. ముందు వేయాల్సింది చలి లెక్క. ఒక గ్రాము కణజాలాన్ని మైనస్ 196కు దించడానికి సుమారు ఐదు మిల్లీలీటర్ల నైట్రోజన్ చాలు. కిలో స్టెయిన్‌లెస్ స్టీలును దించడానికి దాదాపు అర లీటరు ఆవిరవుతుంది. అంటే నాలుగు కిలోల దిమ్మె పెడితే నమూనా ముట్టుకోకముందే రెండు లీటర్లు ఖర్చు. చల్లబరిచేది ముక్కను కాదు, యంత్రాన్ని అని తెలిశాక బొమ్మ మారిపోతుంది. చల్లబడే భాగం చిన్నదవుతుంది, మిగతాది దానికి దూరంగా జరుగుతుంది.

తర్వాతి తంటా లోహాలతో. మామూలు ఉక్కు ఆ చలికి తానే పెళుసెక్కుతుంది, కొట్టే సుత్తే పగలొచ్చు. మంచి వంటపాత్రలకు వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ గుణం లేదు. అయితే స్టీలు మైనస్ 196కు చేరేసరికి మీటరుకు మూడు మిల్లీమీటర్లు కుంచించుకుపోతే, టెఫ్లాన్ సుమారు ఇరవై మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. గదిలో నున్నగా జారిన స్టీలు పిస్టన్‌ను చలిలో టెఫ్లాన్ తొడుగు బిగించి పట్టేస్తుంది. కంప్యూటర్ తెర మీద గీసిన బొమ్మలో ఇది కనబడదు. గ్రీజు గడ్డకడుతుంది, రబ్బరు వాషరు పగులుతుంది. వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకు వెళ్లే ప్రతి ఇరుసూ వేడిని లోపలికి మోసుకుపోతుంది. మార్కెట్లో దొరికే ఒక రకం యంత్రంలో ఈ చిక్కుకు చక్కటి జవాబు ఉంది. మూసిన గొట్టంలో నమూనాతోపాటు ఒక స్టీలు కడ్డీ ఉంటుంది. గొట్టం మొత్తం ద్రవ నైట్రోజన్‌లో మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న విద్యుత్ తీగచుట్ట అయస్కాంత శక్తితో కడ్డీని అటూ ఇటూ లాగుతుంది. ఇరుసు లేదు కాబట్టి లోపలికి పోయే వేడీ లేదు.

విద్యార్థుల నమూనా యంత్రాలు ఎక్కువగా తడబడేది దంచడం అయిపోయాకే. పొడి బయటికి తీయాలి. చల్లని పొడి మీద గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది, తూకం తప్పుతుంది. సన్నటి పొడి క్షణాల్లో కరుగుతుంది, ఎంజైములు మళ్లీ లేస్తాయి. అందుకే చెంచా, గొట్టం, గరాటు అన్నీ ముందే చల్లబడి ఉండాలి. ఒక రోగి పొడి మూలల్లో మిగిలితే తర్వాతి రోగి ఫలితంలో కలుస్తుంది. పీసీఆర్ పరీక్ష ఆ రవ్వంతను కూడా కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. కాబట్టి మూలలు లేని గుండ్రటి గిన్నె కావాలి, లేదంటే చలికి పగలని ప్లాస్టిక్ సంచిలోనే నమూనాను దంచి ఆ సంచిని పారేయాలి. రెండో దారి ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ. నన్నడిగితే సంచే.

ప్రమాదాల సంగతి జట్టు మొదటి వారంలోనే మాట్లాడుకోవాలి. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. బిగుతుగా మూసిన పాత్రలో అది బాంబు, అందుకే వాయువు పోయే దారి తప్పనిసరి. కిటికీలు మూసిన చిన్న గదిలో అది ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. వాసన ఉండదు, ఊపిరాడనట్టు అనిపించదు, మనిషి నేరుగా పడిపోతాడు.

పరీక్ష ఎలా? మొదట బజారులో కొన్న కోడి కార్జంతో. అది సులువుగా పొడి అవుతుంది కాబట్టి అక్కడితో సంబరపడకూడదు. తర్వాత పీచు నిండిన చర్మం, స్నాయువు పెట్టాలి. కొట్టే చోట థర్మోకపుల్ అమర్చి ప్రతి దెబ్బకూ ఉష్ణోగ్రత ఎంత పెరుగుతోందో రాసుకోవాలి. చివరికి ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో 1 నుంచి 10 వరకు అంకె వేసే కొలమానం ఉంది. ఒకే ముక్కను రెండుగా కోసి, సగం కల్వంలో, సగం యంత్రంలో నూరి రెండు అంకెలనూ పోల్చాలి. యంత్రం అంకె తక్కువొస్తే ముందు దెబ్బ బలాన్ని కాదు, పొడి తీయడానికి పట్టిన సమయాన్ని చూడాలి.